కింది సొరుగు తాళంచెవి

2023 మే నెల. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ఆఫీసు సూపరింటెండెంట్‌ని. నా పేరు అనవసరం, కాలేజీ పేరు అసలే అనవసరం. ఇల్లు అల్వాల్‌లో. పొద్దున్నే లోకల్ రైలెక్కి మేడ్చల్‌లో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో కాలేజీకి వెళ్లేదాన్ని. అప్పటికి పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ. కాలేజీకి వచ్చే ప్రతి కాగితం ముందు నా బల్ల మీద పడుతుంది. దానికో నంబరు వేసి ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో, అంటే వచ్చిన కాగితాల పుస్తకంలో ఎక్కించడం నా పని. అందులో ఎక్కిన కాగితం ఉన్నట్టు, ఎక్కనిది లేనట్టు. ఎన్నో కాగితాలను నా చేతులతోనే లేనట్టు చేశాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎఫ్‌డీపీ అని ఒకటుంది. ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రామ్. పాఠాలు చెప్పేవాళ్లకు ఇచ్చే శిక్షణ. వీటిలో కొన్ని ఆన్‌లైన్‌లో జరుగుతాయి. కెమెరా ఆపేసి, ఇంట్లో కూర తరుగుతూ కూడా సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అసలైనవి వేరే ఉన్నాయి. వాటికి ఖర్చంతా ప్రభుత్వ సంస్థలే పెట్టుకుంటాయి. రైలు చార్జీ, బస, భోజనం అన్నీ వాళ్లవే. కాలేజీ పెట్టాల్సింది ఒక్క సంతకం. ఫలానా లెక్చరర్‌ని ఇన్ని రోజులు శిక్షణకు పంపుతున్నామని రాసే రిలీవింగ్ లెటర్ మీద ప్రిన్సిపాల్ సంతకం, అంతే.

ఆ శిక్షణల సర్క్యులర్లు ఏటా మా కాలేజీకీ వచ్చేవి. నేను చేరిన రోజు పాత సూపరింటెండెంటు నా చేతిలో ఒక తాళంచెవి పెట్టి, బీరువా కింది సొరుగు చూపించాడు.

"ట్రైనింగ్ కాగితాలు వస్తే ఇండ్ల వెయ్ బిడ్డా. స్టాఫ్‌కు సూపియ్యకు. నేర్సుకున్నోళ్లు ఈడ నిలవడరు, వేరే కాలేజీకి పోతరు. పైకెల్లి ఆర్డర్" అన్నాడు.

ఉద్యోగం కొత్త, ఎదురు చెప్పే ధైర్యం లేదు. ధైర్యం వచ్చేసరికి అలవాటైపోయింది. తర్వాత ఈ-మెయిళ్లు వచ్చినా ప్రింటు తీసి సొరుగులోనే వేసేదాన్ని. చింపి పారేయలేదెందుకని అడిగితే చెప్పలేను. గుమాస్తా చేతికి కాగితం చింపడం రాదు, అంతకన్నా వేరే పుణ్యమేం లేదు.

స్వరూప మా కెమిస్ట్రీ లెక్చరర్. ఊరు గౌడవెల్లి. నేనెక్కిన రైలే తనూ అక్కడ ఎక్కేది. నన్ను అక్కా అంటుంది. మాట సూటి, నడక జోరు, అబద్ధం చెప్పాల్సి వస్తే మాత్రం చెవులు ఎర్రబడతాయి. తన ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం ఉంది. మందుబిళ్లలో ఏ మందు ఎంత ఉందో విడదీసి చూపిస్తుంది. ఏదో గ్రాంటులో వచ్చింది. దాని మీది ప్లాస్టిక్ కవరు యూనివర్సిటీ తనిఖీ బృందం వచ్చిన రోజు తీస్తారు, బృందం కారెక్కగానే మళ్లీ కప్పుతారు. నడపడం ఎవరికీ రాదు. శామీర్‌పేట చుట్టుపక్కల మందుల కంపెనీలు వెతికేది మాత్రం ఆ యంత్రం తెలిసిన పిల్లల్నే. మా దగ్గర బీఎస్సీ పాసైన పిల్లలు ఆ కంపెనీల్లోకే వెళ్లేవాళ్లు, కాకపోతే ప్యాకింగ్ సెక్షన్‌కి.

ఆ ఏడు స్వరూప తనంతట తనే ఒక శిక్షణకు దరఖాస్తు చేసింది. రైల్లో పరిచయమైన గవర్నమెంటు కాలేజీ లెక్చరర్ చెబితే తెలిసిందట. మూడు వారాల పాటు ఆ యంత్రం మీదే శిక్షణ, ఖర్చు పూర్తిగా వాళ్లదే. ఎంపికైంది. రిలీవింగ్ లెటర్ శుక్రవారం సాయంత్రం ఐదులోపు వెబ్‌సైట్లో పెట్టాలి. పెట్టకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు పోతుంది. ఎంపిక కాగితం పట్టుకుని సోమవారం ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది. డిక్టేషన్ రాసుకోవడానికి నేనూ అక్కడే ఉన్నాను.

ప్రిన్సిపాల్‌ది కోస్తా వైపు. యాప్రాల్‌లో కొత్త కాలనీలో ఉంటారు. చెడ్డ మనిషి కాదు, భయస్తుడు. భయస్తుడి చేతిలో అధికారం ఉంటే చెడ్డవాడే నయమనిపిస్తుంది.

"స్వరూప గారూ, మే నెలలో ట్రైనింగ్ ఏమిటండీ? మీ పదిహేను అడ్మిషన్లు తీసుకురండి, అప్పుడు చూద్దాం" అన్నారు.

ఈ పదిహేను సంగతి బయటివాళ్లకు తెలియదు. మా చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీల్లో వేసవి వస్తే లెక్చరర్లు పుస్తకాలు పక్కన పెట్టి కరపత్రాలు పట్టుకోవాలి. ఇంటర్ రాసిన పిల్లల ఇళ్లకు తిరిగి, మా కాలేజీలో చేర్చండమ్మా అని అడగాలి. తలకింత అని టార్గెట్. పీహెచ్‌డీ చేసినా సరే, ఎండలో గడప గడపా తొక్కాల్సిందే.

"అప్పటికి గడువు అయిపోతది సార్" అంది స్వరూప.

"పోతే వచ్చే ఏడు వెళుదురు గాని. మీరొక్కరే వెళితే మిగతావాళ్లు నన్ను అడగరా?"

స్వరూప గొడవపడలేదు. గురువారం దాకా స్కూటీ మీద తిరిగింది. తన ఊళ్లోనే తిరిగింది. చేతికొచ్చినవి నాలుగు ఫారాలు. శుక్రవారం పొద్దున రైల్లో నా పక్కన కూర్చుని చెప్పింది.

"నిన్న ఒకింటికి పోయిన అక్కా. ఆ అమ్మ కైకిలికి, కూలి పనికి పోతది. మా పెద్దదాన్ని మీ తాననే సదివించిన గద మేడం, గిప్పుడు కంపెనీల డబ్బాలు ప్యాక్ చేస్తాంది, పదో తరగతి ఫెయిలైన పోరి గూడ అదే పని చేస్తాంది, మూడేండ్లు ఏం నేర్పిండ్రు అని అడిగింది. కొట్లాట పెట్టుకోలే, ఉత్తగనే అడిగింది. చాయ్ తాగి వచ్చిన."

నా వైపు తిరిగింది.

"ఇన్నేండ్ల సంది గిసొంటి ట్రైనింగ్ మన కాలేజీకి ఒక్కటి గూడ రాలేదా?"

రాలేదని అనేయొచ్చు. పంతొమ్మిదేళ్లుగా అంటున్నదే. ఆ రోజు మాత్రం ఆఫీసులో చెబుతానన్నాను. ఆఫీసుకు వెళ్లగానే తనను లోపలికి పిలిచి, తలుపు వేసి కింది సొరుగు తెరిచాను.

స్వరూప నేల మీదే కూర్చుంది. ఒక్కో కాగితం తీసి తేదీ చూస్తోంది, పక్కన పెడుతోంది. ఫిజిక్స్‌వి, కామర్స్‌వి, ఇంగ్లిషువి, అన్నీ ఉన్నాయి. కెమిస్ట్రీవి విడిగా పేరుస్తోంది. ఇదే హెచ్‌పీఎల్‌సీ శిక్షణ, ఇదే సంస్థ, తను చేరిన ఏడాదిది కూడా దొరికింది. దాన్ని చాలాసేపు పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే బాగుండేది.

"తాళం నీ తాననే ఉంది గద అక్కా. ఎన్నడు గింతన్న అనిపియ్యలేదా?"

పైనుంచి ఆర్డర్ అని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెంటనే కోపమొచ్చింది. ముందు నా మీద, తర్వాత ఆ ఆర్డర్ మీద. ఎవరిచ్చారు ఆ ఆర్డర్? ఏ కాగితం మీద ఉంది? పంతొమ్మిదేళ్లు ఫైళ్లు మోసినదాన్ని, అలాంటి కాగితం నేనెన్నడూ చూడలేదు. అంతా నోటిమాట.

"లే" అన్నాను. "గీ కాగితాలన్ని స్టాఫ్ రూమ్ బోర్డుకు గుచ్చు. పిన్నులు నేనిస్త."

తను బోర్డు దగ్గరకు వెళ్లేలోపు వాటన్నిటికీ ఆ రోజు తేదీతో ఇన్‌వర్డ్ నంబర్లు వేశాను. తర్వాత ఒక నోట్ ఫైలు తెరిచాను. నోట్ ఫైలంటే ఒక విషయం మీద కింది ఉద్యోగి రాసి పై అధికారి నిర్ణయం అడిగేది. ప్రతి పేజీకి నంబరుంటుంది. అవునన్నా కాదన్నా అందులోనే రాసి సంతకం పెట్టాలి. మా కాలేజీలో సున్నం వేయడానికి నోట్ ఫైలుంది, ఫ్యాన్లు బిగించడానికి ఉంది. మనిషిని ఆపడానికి మాత్రం ఏనాడూ లేదు. అందుకని మొదటిది నేనే రాశాను.

"కెమిస్ట్రీ లెక్చరర్ శ్రీమతి స్వరూప పూర్తి ఖర్చు సంస్థే భరించే శిక్షణకు ఎంపికైనారు. రిలీవింగ్ లెటర్ సంతకం నిమిత్తం జతపరచడమైనది. అనుమతించని పక్షంలో కారణం ఈ దిగువ రాయగలరు." దాని కింద అరపేజీ ఖాళీ వదిలాను. కావాలనే వదిలాను.

ప్రిన్సిపాల్ చదివి కళ్లద్దాలు తీశారు.

"ఏమిటండీ ఇది? వద్దని ఆ రోజే చెప్పాను కదా."

"చెప్పారు సార్. ఫైల్లో లేదు."

"పదిహేను అడ్మిషన్లు తేలేదని రాయమంటారా ఏమిటి?"

"మీ ఇష్టం సార్. ఆగస్టులో తనిఖీ బృందం వచ్చినప్పుడు ఎఫ్‌డీపీల ఫైలు అడుగుతుంది. అప్పుడు ఇదే చూపిస్తాను."

ఆయన కరస్పాండెంట్‌కి ఫోన్ చేశారు. కరస్పాండెంట్ అంటే కాలేజీ యజమాని. ఫోన్ చెవికి ఆనించుకున్నా ఆ గొంతు గది దాటి వినిపిస్తోంది.

"ఆ కాగితం చింపి అవతల పడెయ్."

ప్రిన్సిపాల్ నా వైపు చూశారు.

"చింపొచ్చు సార్. పేజీ నంబరు వేశాను, ఇన్‌వర్డ్‌లో ఎక్కించాను. చింపితే అది కూడా రిజిస్టర్‌లో రాయాలి. ఎవరు చింపమన్నారో రాయాలి" అన్నాను. మాట వెనక్కి తీసుకోలేదు.

మధ్యాహ్నం అయింది, మూడయింది. ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. ఆయన అటూ ఇటూ తిరుగుతున్నారు. స్టాఫ్ రూమ్‌లో బోర్డు ముందు జనం. కాన్వాసింగ్ నుంచి తిరిగొచ్చిన వాళ్లు ముఖాల చెమట కూడా తుడుచుకోకుండా పాత తేదీలు చదువుకుంటున్నారు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ రోజు ప్రిన్సిపాల్‌ని చూస్తే తెలిసింది. కాదని రాస్తే బృందానికి దొరుకుతారు, అవునంటే కరస్పాండెంట్‌కి.

నాలుగు దాటాక స్వరూప తనే లోపలికి వెళ్లింది. నేను వెనకే నిలబడ్డాను.

"సార్, నేను సోమవారం పోతున్న. ఇగ మీ ఇష్టం. సంతకం పెట్టి ఇస్తె అది అప్‌లోడ్ చేస్త. ఎందుకు పంపుతలేరో రాసిస్తె, అదే జాగల అది అప్‌లోడ్ చేస్త. నాకు రెండిట్ల ఏదైనా కావాలె, ఉత్త చేతులతోని బయటికి పోను."

"నాకూ ఉద్యోగం ఉంది కదమ్మా" అన్నారాయన, మెల్లగా.

"ఉంది సార్. నా క్లాసు పిల్లలకే లేదు."

ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. నాలుగూ నలభైకి సంతకం పెట్టారు. నేను ముద్ర కొట్టి స్కాన్ చేశాను. ఫైలు సైజు ఎక్కువైందని వెబ్‌సైటు రెండుసార్లు తిప్పికొట్టింది. ఆ పావుగంటలో నా బీపీ ఎంతకెళ్లిందో ఆ దేవుడికి తెలియాలి. ఐదుకు మూడు నిమిషాలున్నాయనగా అప్‌లోడ్ అయింది. స్వరూప నా భుజం గట్టిగా పట్టుకుంది. క్షమించానని అనలేదు, నేనూ అడగలేదు.

సోమవారం తను రైలెక్కింది. బుధవారం నన్ను ట్రాన్స్‌పోర్ట్ సెక్షన్‌కి వేశారు. వెనక గేటు దగ్గర, బస్సులు ఆగేచోట రేకుల షెడ్డు.

"కాగితాలంటే మీకు మస్తు ఇష్టం గద, బస్ పాసులు రాసుకోండి" అన్నాడు కరస్పాండెంట్. రాసుకుంటున్నాను. డీజిల్ వాసనకు అలవాటు పడ్డాను, పైగా ఇక్కడ ఎవరి దగ్గరా ఏదీ దాచాల్సిన పని లేదు.

స్వరూప తిరిగొచ్చి ప్లాస్టిక్ కవరు తీసేసింది. ఏళ్ల తరబడి నడవక యంత్రం పంపు బిగుసుకుపోయి ఉంది. రిపేరు చేయించమని నోట్ ఫైలు పెట్టింది. కాదంటే కారణం రాయమని కింద అరపేజీ వదిలింది. రెండు నెలలు పట్టింది గానీ యంత్రం నడిచింది. ఒక సాయంత్రం ముగ్గురు బీఎస్సీ ఆడపిల్లల్ని నా షెడ్డుకు తీసుకొచ్చింది. వాళ్ల చేతిలో ఒక ప్రింటు కాగితం, దాని మీద ఎగుడుదిగుడు గీత. జ్వరం బిళ్లను వాళ్లే కరిగించి, యంత్రంలో వేసి, తీసిన గీత. అందులో ఒకమ్మాయి గౌడవెల్లి కైకిలామె చిన్న కూతురు, ఆ ఏడే చేరింది. నాకేమీ అర్థం కాలేదు, కానీ కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశాను. మర్నాటి నుంచి ఆ పిల్ల బస్సెక్కే ముందు నాకు నమస్తే పెట్టి గానీ వెళ్లేది కాదు.

పంతొమ్మిదేళ్లలో నేర్చుకోనిది ఆ శుక్రవారం నేర్చుకున్నాను. కాదనేవాళ్ల మీద అరిచి లాభం లేదు, కాళ్ల మీద పడీ లాభం లేదు. కాదని రాసివ్వమనాలి. నోటితో వంద మందిని ఆపేవాడికి, పెన్ను చేతిలో పెడితే ఒక్కర్ని ఆపడానికి చేయి రాదు. ఇప్పటికీ వేసవి వస్తే ఎవరో ఒక లెక్చరర్ ఎంపిక కాగితం పట్టుకుని నా షెడ్డుకు వస్తారు, నోట్ ఎలా రాయాలో అడుగుతారు. బస్ పాసుల మధ్యలో రాసి చూపిస్తాను.

ఆఫీసు చార్జి అప్పగించినప్పుడు తాళంచెవులన్నీ ఇచ్చాను, ఆ కింది సొరుగుది తప్ప. ఇప్పుడా సొరుగు తెరిచే ఉంటుంది, కొత్త సూపరింటెండెంటు అందులో టిఫిన్ బాక్సు పెట్టుకుంటాడు. ఆ తాళంచెవి ఇవ్వమని ప్రిన్సిపాల్ మూడుసార్లు కబురు చేశారు. ఎందుకు కావాలో రాసి అడగమన్నాను. ఇంతవరకు ఎవరూ రాయలేదు.