ఎవరూ చూడలేదు మేడమ్

ఆ బళ్లో పిల్లలు ఆమెను 'మనసు టీచర్' అనేవాళ్లు. ఎదురుగా కాదు, చాటుగా. నిజానికి ఆమె చాలాకాలం సైన్సు పాఠాలే చెప్పింది. తర్వాత కౌన్సెలింగులో శిక్షణ తీసుకుని, పిల్లల బుర్రల్లో తిష్ఠ వేసిన పిచ్చి ఆలోచనలను వదిలించే పనిలో పడింది. ఆ పనికి బడివాళ్లు మహా గౌరవంగా ఆటసామాన్ల గదిలో సగం ఇచ్చారు. గాలిపోయిన బంతుల మధ్య ఒక బల్ల, రెండు కుర్చీలు. "ఊరికే కబుర్లు చెబితే జీతమిస్తారా?" అని ఇంట్లో అక్క ఆటపట్టించేది. ఆమె నవ్వి ఊరుకునేది. చలికాలమంతా అదే బూడిదరంగు స్వెట్టరు తగిలించుకుని, పొద్దున్నే అందరికంటే ముందొచ్చి తలుపు తీసేది.

సైన్సు వదిలినా సైన్సు బుద్ధి ఆమెను వదల్లేదు. ఎవరేమన్నా "అలాగా? పరీక్ష చేసి చూద్దాం" అనేది. లెక్కలు తనకు జన్మలో రావన్న పిల్లాడితో అక్కడికక్కడే లెక్క చేయించేది. చాలామందికి ఆ మందు పనిచేసింది. దాంతో ఆమెకు దానిమీద గుడ్డి నమ్మకం ఏర్పడింది. ఒక పొడుగమ్మాయి విషయంలో ఆ నమ్మకమే కొంప ముంచింది.

ఆ పిల్ల తరగతిలో అందరికంటే పొడుగు. బట్టలు కుట్టే పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంటోంది. భుజాలు ముడుచుకుని గోడవారగా నడిచేది. తను తరగతిలో అడుగుపెడితే చాలు, అందరూ తననే చూసి నవ్వుకుంటారని ఆ పిల్ల భయం. ఆ భయంతో పాఠంలో ఏం అడిగినా నోరు మెదిపేది కాదు.

"అంతా నీ భ్రమ, ఎవరూ చూడరు. రేపు కాస్త ఆలస్యంగా వెళ్లు. తల దించుకోకు. ఎంతమంది నిన్ను చూస్తున్నారో నువ్వే చూసి రా," అంది టీచరమ్మ.

మర్నాడు ఆ పిల్ల వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"మీరు చెప్పిందే నిజం. ఎవరూ చూడలేదు మేడమ్."

టీచరమ్మ మొహం వెలిగిపోయింది. భుజం తట్టి శభాష్ అంది. అప్పుడే ఆ పిల్ల మొహంలోకి సరిగ్గా చూసి ఉంటే ఎంత బాగుండేది! చూడలేదు. గెలిచానన్న సంబరం కళ్లకు అడ్డం పడింది. నవ్వడానికైనా తనవైపు చూస్తున్నారని ఇన్నాళ్లూ అనుకున్న పిల్లకు ఇప్పుడు ఆ కాస్తా లేకుండా పోయింది. తనుంటే ఎంత, లేకపోతే ఎంత అనుకుని, మెల్లగా బడి మానేసింది. తన గదికి రాకపోయేసరికి టీచరమ్మ మాత్రం నయమైపోయిందనుకుంది.

సోమవారంలోగా రాకపోతే పేరు కొట్టేస్తానని హెడ్మాస్టరు చెప్పినప్పుడు గాని ఆమెకు విషయం తెలియలేదు.  పరుగున తరగతికి వెళ్లి, ఆ అమ్మాయి ఎప్పటినుంచి రావడం లేదని అడిగింది. పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మానేసి చాలా రోజులైందని ఒకడన్నాడు. మొన్న వచ్చినట్టుందే అని ఇంకొకతె అంది. పక్కన కూర్చునే పిల్ల ఖాళీ చోట్లో తన సంచీ పెట్టుకుంది. తనతో ఆ అమ్మాయి ఇంటికి ఎవరైనా వస్తారా అని టీచరమ్మ అడిగితే, అందరూ పుస్తకాల్లోకి తలలు దించారు. ఇంతలో గంట కొట్టారు.

ఒంటరిగానే వెళ్లింది. కుట్టు దుకాణంలో పిన్ని మిషను తొక్కుతోంది. పొడుగమ్మాయి మూలన కూర్చుని గుండీలు కుడుతోంది. టీచరమ్మను చూసి లేచి, తన స్టూలు జరిపింది.

"సోమవారం వచ్చెయ్. నీకోసం ఎదురుచూస్తున్నారు," అంది టీచరమ్మ.

"ఎవరు?"

టీచరమ్మ తరగతిలో మొహాలన్నీ తలుచుకుంది. ఎవరి పేరు చెప్పాలి?

"నేను," అంది చివరికి.

"మీకది ఉద్యోగం కదా మేడమ్."

అందులో ఎత్తిపొడుపు లేదు, కోపమూ లేదు. అదే ఆమెను నిలువునా కోసింది. పరీక్ష చేసి చూద్దామన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. తరగతికి వెళ్లి ఆ పరీక్ష తనే చేసి, ఫలితం చూసి వచ్చింది మరి. వెళ్లడానికి లేచి వెనుదిరిగింది.

"ఒక్క నిమిషం ఆగండి," అంది ఆ పిల్ల. "స్వెట్టరు వెనక కుట్టు ఊడింది. చలికాలం మొదట్నుంచీ అలాగే ఉంది. చెబుదామనుకున్నా, నోరు రాలేదు."

బూడిదరంగు దారం లేదట. సూదిలో ఉన్న ఎర్రదారంతోనే, నిలబెట్టి కుట్టేసింది. టీచరమ్మ కదలకుండా నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గాని, వెనక ఉన్న పిల్లకు కనబడలేదు.

సోమవారం ఆ పిల్ల రాలేదు. హెడ్మాస్టరు పేరు కొట్టేశారు. టీచరమ్మ అదే స్వెట్టరుతో రోజంతా బడంతా తిరిగింది, సాయంత్రం ఇంటికీ వెళ్లింది. వీపుమీద ఆ ఎర్రకుట్టు ఏమిటని ఎవరూ అడగలేదు.