డెబ్బై అడుగుల గోడ

మా ఇంటికీ నా మిత్రుడి ఇంటికీ మధ్య ఖాళీ జాగా ఉంది. అందులోంచి ఆయన రోజూ పొద్దున్నే టీకి వస్తాడు. మణుగూరు బొగ్గు గనుల్లో భూమి కింద పనిచేసి రిటైరైన మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి. అడ్డదారి కాబట్టి రాగలుగుతున్నాడు.

మొన్న వేసవిలో ఆ జాగాకు అడ్డంగా సున్నం గీత పడింది. పట్టణ అభివృద్ధి కమిటీ పార్కు కడుతుందట, మా వైపు గోడ వస్తుందట. మా వీధిలో ఎవరినీ అడగలేదు. గోడ లేస్తే ఆయన మెయిన్ రోడ్డంతా చుట్టి రావాలి. "ఇగ నీ టీ నువ్వే తాగు" అని నవ్వాడు గానీ, ఆ రోజు రెండో కప్పు అడగలేదు.

నేను టేపు తెచ్చి గీతను కొలిచి డైరీలో రాసుకున్నాను. రోడ్డు మూల నుంచి మా బోరింగు దాకా డెబ్బై మూడు అడుగులు. ఎందుకని అడిగితే చెప్పలేను. కొలవడం అలవాటు, అంతే.

మరునాడు ఇద్దరం ఆటోలో మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, గోడకు చిన్న గేటు పెట్టమని అర్జీ ఇచ్చాం. గుమస్తా చదివి మళ్లీ మా చేతికే ఇచ్చాడు.

"గిది పైనుంచి వచ్చిన ఆర్డర్ సార్. మా చేతుల ఏం లేదు."

"పైన అంటే ఎవరు బిడ్డా?" అన్నాడు మావాడు. "మా గనిల పైన అంటే మనిషుండేటోడు. కిందికెల్లి మేం గంట కొడితే, పైకెల్లి జవాబు గంట కొట్టేటోడు."

గుమస్తా పెన్నుతో పైకప్పు వైపు చూపించాడు. అంతే, మావాడు మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాడు. వెనకాల నేను. రెండంతస్తులు ఎక్కితే డాబా వచ్చింది. నీళ్ల ట్యాంకు పక్కన అటెండరు తువ్వాలు ఆరేస్తున్నాడు.

"ఎవరు గావాలె పెద్దాయనా?"

"కమిటీ."

"గా కమిటీని నేను గూడ సూడలే. కనవడితే నా ట్రాన్స్‌ఫర్ సంగతి అడుగుండ్రి."

ముగ్గురం పడీ పడీ నవ్వాం. దిగి వచ్చాక గుమస్తాకు జాలి కలిగినట్టుంది, కుర్చీలు వేసి ఆర్డర్ కాగితం చూడనిచ్చాడు. మా వైపు గోడ పొడవు, రోడ్డు మూల నుంచి డెబ్బై అడుగులు అని ఉంది.

"గీత డెబ్బై మూడుంది. మిగతా మూడడుగులు?" అన్నాను.

గుమస్తా రెండుసార్లు చదివాడు. "తక్కువ రాసిన్రు సార్. దిద్దాలంటే మల్ల కమిటీకి రాయాలె. జవాబు ఎప్పుడొస్తదో నాకెర్క లేదు."

"రాయకు బిడ్డా!" అన్నాడు మావాడు గబగబా. "పెద్దోళ్లు రాసింది మనం దిద్దుతమా?"

గుమస్తా నవ్వు ఆపుకుని కాగితం జిరాక్స్ ఇచ్చాడు. అది చూపిస్తే, గోడ కట్టే మేస్త్రీ సరిగ్గా డెబ్బై అడుగుల దగ్గర ఆపేశాడు. బోరింగు పక్కన మూడడుగుల సందు మిగిలింది.

ఇప్పుడు ఆ సందులోంచి మావాడే కాదు, పాలామె వస్తోంది, ఎవరివో రెండు మేకలూ వస్తున్నాయి. ఆ మేకలతోనే ఆయనకు దిగులు. పార్కు మొక్కలు తిన్నాయంటే కమిటీకి సందు గుర్తొస్తుందని రోజూ కర్ర పట్టుకుని వాటిని రోడ్డు దాకా తోలి, ఆ తర్వాతే టీకి వస్తున్నాడు. నేను టీ రెండుసార్లు వేడి చేయాల్సి వస్తోంది.