దేవదూతకు పౌడరు

ఎనభైల చివర్లో దుగ్గిరాల దగ్గరి ఒక పల్లెలో పంతులమ్మగా ఉంటూ, ఆదివారాలు మా చర్చిలో సండే స్కూలు కూడా నడిపేదాన్ని. నలుపూ తెలుపూ, ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ దేవుడి ముందు అంతా ఒకటేనని పిల్లలకు గొంతు పోయేలా చెప్పేదాన్ని. చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరని నా నమ్మకం.

క్రిస్మస్ నాటకం వేయించేదీ నేనే. దేవదూత వేషం ఏటా పసుపు మార్కెట్ యార్డు గుమస్తాగారి అమ్మాయిదే. పిల్ల దబ్బపండు ఛాయ, పైగా తెనాలిలో కొన్న తెల్ల గౌను ఉంది. ఇంకేం కావాలి? కూలికి వెళ్ళేవాళ్ళ పిల్లలు గొంగళ్ళు కప్పుకుని గొర్రెలయ్యేవారు. ఇందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు.

ఆ ఏడాది రిహార్సల్లో గుమస్తాగారి అమ్మాయి మాటమాటకీ తడబడుతుంటే, గొంగళి కింద నుంచి ఒక గొర్రె గడగడా అందించేసింది. అందరూ పగలబడి నవ్వారు. నాకసలే ముక్కుమీద కోపం. "గొర్రెలు మాట్లాడతాయా?" అని గదిమాను. గొంగళి తీసేసి ఆరో తరగతి పిల్ల లేచి నిలబడింది. నల్లటి పిల్ల. వాళ్ళమ్మా నాన్నా పసుపు చేలల్లో కూలికి వెళతారు.

"నాకు మొత్తం వచ్చండి. మూడేళ్ళనించీ వింటన్నాను. ఈసారి నన్ను దేవదూతని చెయ్యండి టీచరుగారూ."

"దేవదూత అంటే తెల్లగా ఉండాలమ్మా," అనేశాను.

"అట్టాగని బైబిల్లో ఎక్కడుందండి?"

వేలెడంత పిల్ల నన్ను నిలదీస్తుందా అని ఒళ్ళు మండింది. చూపించి తీరాలని ఇంటికెళ్ళి బైబిలు తిరగేశాను. తెల్లని బట్టలు కనిపించాయిగానీ తెల్లని మొహం ఎక్కడా లేదు. నా పాఠాలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. మర్నాడే ఆ మాట అందరి ముందూ ఒప్పుకుని, వేషం ఆ పిల్లకిచ్చాను. గుమస్తాగారి అమ్మాయి ఎగిరి గంతేసింది. గొర్రెకు బట్టీ పట్టే పని లేదుగదా!

పండగ రోజు ఆ పిల్ల వాళ్ళ నాన్న పంచె తెచ్చింది. వాళ్ళమ్మ దాన్ని నీలిమందు పెట్టి తళతళలాడేలా ఉతికింది. పిన్నీసులతో గౌనులా అమర్చాను. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత నా చెయ్యి అలవాటుగా పౌడరు డబ్బా అందుకుని, మొహమూ మెడా నలుపు కనపడకుండా మెత్తేసింది.

పిల్ల మొహం చిన్నబోయింది. "తెల్లగా ఉండక్కర్లేదని మీరేగదండి అన్నారు?"

ఆ పిల్ల నా పమిట చెంగు అందుకుని మొహం శుభ్రంగా తుడిచేసుకుంది. డబ్బా తీసుకెళ్ళి గుమస్తాగారి అమ్మాయి ముందు పెట్టింది.

"గొర్రెలకి రాయండి టీచరుగారూ. కేలండర్లో తెల్లగా ఉండేయి అయ్యేగదా!"

గొర్రెలు పోటీపడి రాయించుకున్నాయి. దేవదూత బల్ల ఎక్కి, భయపడొద్దని కాపరులకు ఒక్క మాట తడబడకుండా చెప్పింది. వెనక వరసలోంచి వాళ్ళమ్మ "మా అమ్మాయే!" అని గట్టిగా అరిచింది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, చెంగుతో కళ్ళు తుడుచుకున్నాను. చెంగు నిండా పౌడరని అప్పుడు గుర్తులేదు. ఆ ఏడాది మా చర్చిలో మొహాలు తెల్లగా ఉన్నది గొర్రెలకూ, నాకూ.