తుండుగుడ్డ కింద ఇంగ్లీషు

నేను ఇంగ్లీషు ఆనర్సు చదవాలని తీర్మానించుకునే నాటికి, నాకు ఇంగ్లీషులో మాట్లాడవలసిన అవసరం ఒక్కసారే వచ్చింది. నరసరావుపేట స్టేషనులో ఒక దొర టైమెంతయిందని అడిగాడు. నా దగ్గర గడియారం లేదు కనుక సంభాషణ పెద్దగా సాగలేదు. నా తీర్మానం మాత్రం చెక్కుచెదరలేదు.

యుద్ధం రోజులు. స్కూలు ఫైనలు గట్టెక్కాను. గుంటూరులో ఇంటర్‌లో చేరాలి. అక్కడ ఇంగ్లీషు అందరికీ ఉండేదే. పేచీ అంతా దాని పక్కన తీసుకునే సబ్జెక్టుల దగ్గర. ముందుముందు ఆనర్సుకు పోవాలంటే ఇంగ్లండు చరిత్ర, గ్రీకుల చరిత్ర, లాజిక్కు తీసుకోవడం మంచిదని మా వీధిలో బి.ఏ. చదివివచ్చిన ఒకాయన చెప్పాడు. లెక్కల గ్రూపు తీసుకుంటే ఇంజనీరునవుతానని మా మేనమామ చెప్పాడు. ఆయన కోర్టులో ప్లీడరు గుమాస్తా. ఫీజు లేకుండా ఆయన చేసే పని సలహా చెప్పడం ఒక్కటే.

మా నాన్నది పత్తి వ్యాపారం. బేరాలన్నీ తుండుగుడ్డ కిందే. అమ్మేవాడూ కొనేవాడూ గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పైకి మాత్రం వానల గురించి మాట్లాడుతుంటారు. ఎవరు దిగారో, ఎవరు ఎక్కారో చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియదు. ఇద్దరి పరువూ గుడ్డ కింద భద్రంగా ఉంటుంది.

గుంటూరు వెళ్ళవలసిన రోజు పొద్దున్నే మామయ్య దుకాణానికొచ్చి కూర్చున్నాడు.

“బావా, లెక్కల్లో చేర్పించు. గ్రీకోళ్ళ చరిత్ర చదివి వీడు వాళ్ళకు పత్తి అమ్ముతాడా?”

“ఏందిరా, ఏమంటావు?” అన్నాడు నాన్న నావైపు తిరిగి.

“లెక్కల్లో నా మార్కులు చూశావుగా నాన్నా.”

“చూశా. చూసినప్పట్నుంచి కాటా దగ్గరికి నిన్ను రానియ్యటం మానేశా.”

“పిల్లోడి మాటకు తలొగ్గావని బజారంతా అనుకుంటే బాగుంటదా బావా?” అన్నాడు మామయ్య.

ఆ మాటతో నా ఆనర్సు ముగిసిందనుకున్నాను. బావమరిది ఎదుట కొడుక్కి తలొగ్గే మనిషి కాదు మా నాన్న. అలాంటివాడు భుజం మీది తుండుగుడ్డ తీసి చేతిమీద పరిచాడు.

“చెయ్యి పెట్టరా.”

“ఏంది బావా, వీడేమన్నా పత్తి బోరెమా, గుడ్డ కింద బేరమాడటానికి?”

“నా సరుకు, నా ఇష్టం. ఒక వేలు లెక్కలు, రెండు వేళ్ళు చరిత్ర.”

గుడ్డ కింద నాన్న నా వేలొకటి పట్టుకున్నాడు. నేను ఆయన వేళ్ళు రెండు పట్టుకున్నాను. ఆయన మళ్ళీ ఒకటి. నేను మళ్ళీ రెండు, ఈసారి కొంచెం గట్టిగా.

“మాచర్ల వైపు వానలెట్టా ఉన్నయ్యి?” అన్నాడు నాన్న.

“చానా తక్కువంట,” అన్నాడు మామయ్య, గుడ్డ మీదనుంచి చూపు తీయకుండా.

అప్పుడు నాన్న నా వేళ్ళు ఐదూ కలిపి పట్టుకున్నాడు. ఐదుకు అర్థమేమిటో ఎవరూ చెప్పలేదు. దుకాణంలో పెరిగినవాణ్ణి కనుక, అర్థం కాలేదన్న సంగతి ముఖంలో కనబడనివ్వలేదు. వదిలేస్తే బేరం తప్పిపోతుందని తిరిగి నొక్కాను. మా వ్యాపారంలో అలా నొక్కితే ఒప్పుకున్నట్టే.

“కుదిరింది,” అని నాన్న గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు.

“ఏది కుదిరింది?” అన్నాడు మామయ్య.

“గుడ్డ కిందది బయట చెప్పే అలవాటు మాకు లేదు.”

స్టేషనుకు నడుస్తూ అడిగాను. “ఐదంటే ఏంది నాన్నా?”

“ఇంటర్ రెండు, ఆనర్సు మూడు. అన్ని సంవత్సరాలు నీ ఇష్టం, ఏ గ్రీకోళ్ళ చరిత్రయినా చదువుకో. ఆ తర్వాత వచ్చి దుకాణంలో కూర్చో.”

“తెలియకుండానే ఒప్పుకున్నానే!”

“తెలిస్తే బేరమాడేవాడివి.”

చరిత్ర గ్రూపులో చేరాను. ఏది కుదిరిందో తెలియక, నేను తన సలహా ప్రకారమే లెక్కలు చదువుతున్నానని మామయ్య కోర్టు ఆవరణంతా చెప్పుకున్నాడు. నాన్న సరిదిద్దలేదు. నేనూ సరిదిద్దలేదు. ఆనర్సు పూర్తయ్యాక, మాట ప్రకారం వచ్చి దుకాణంలో కూర్చున్నాను. మొదటి వారమే మామయ్య వచ్చాడు.

“ఒరేయ్, ఇంజనీరువయ్యి ఇక్కడ కూర్చున్నావేందిరా?”

నాన్న నావైపు చూశాడు. భుజాన తుండుగుడ్డ సర్దుకున్నాను.

“మాచర్ల వైపు వానలెట్టా ఉన్నయ్యి మామయ్యా?” అన్నాను.