మే నెలలో మంచు బండి

మొన్న లైబ్రరీకి వెళ్తే, గోడలకి రంగులు వేస్తున్నారని బీరువాలన్నీ పక్కకి లాగి, పుస్తకాలని నేల మీద దొంతర్లుగా పేర్చి ఉంచారు. ఆ దొంతర్లలో ఒక పాత స్నేహితుడు కనిపించాడు. ఎర్ర అట్ట, చిరిగిన వీపు, ప్రపంచంలోని వాహనాలన్నిటి మీదా బొమ్మలతో వేసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. అక్కడే నేల మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను. పుస్తకం దానంతటదే ఒక చోట తెరుచుకుంది. పేజీ పై భాగంలో తెల్లటి కొండ, కింద ఒక పసుపు రంగు బండి. ముందు చక్రాలుండవు, పడవ ముక్కుల్లా పైకి వంగిన రెండు బద్దలుంటాయి. వెనక ఒక వెడల్పాటి రబ్బరు పట్టా. పేజీ అంచున ఇంజనాయిలు అంటిన బొటనవేలి ముద్ర. ఆ ముద్ర మా బావది. ఫోటో తీసి పంపితే, "అప్పుడు చెయ్యి కడుక్కోమని నువ్వు చెప్పలేదు బావా" అని జవాబు వచ్చింది. చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

నేను చదివింది పదో తరగతి. పోర్టులో ఓడల నుంచి దిగే సరుకు చూసుకునే ఉద్యోగం. మిగతా చదువంతా ఆ లైబ్రరీలో, ఫ్యాను తిరిగే వైపు బెంచీ మీద జరిగింది. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు సరికదా, కాస్త గర్వం కూడా ఉంది. ధ్రువాల దగ్గర అన్ని నెలలు రాత్రి ఎందుకుంటుందో, తిమింగలం నీళ్ళలో అంతసేపు ఊపిరి ఎలా బిగబడుతుందో మా షెడ్డులో ఎవరికి సందేహం వచ్చినా నా దగ్గరికే వచ్చేవారు. రాకపోతే నేనే వెళ్ళి చెప్పేవాణ్ణి. మా బావ, అంటే మా అక్క భర్త, నాకు పూర్తిగా వేరు. గోదావరి జిల్లా మనిషి, ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం దొరికి ఇటొచ్చి, మా విజయనగరం వైపు సంబంధం చేసుకున్నాడు. ముడిసరుకు మోసే పెద్ద పెద్ద రబ్బరు బెల్టులు తెగితే అతికించే ఫిట్టరు. పుస్తకం చేతిలో పెడితే నిద్రొచ్చేది. మిషను కనిపిస్తే నిద్ర పోయేది.

ఆదివారాలు ఊరంతా బీచికి వెళ్తే, ఆయన గాజువాక వైపు పాత ఇనుము షెడ్లకి వెళ్ళేవాడు. ఆయనకి తోడు నేను. అలా ఒక ఆదివారం, ఏదో చలి దేశం నుంచి ఓడలో వచ్చిన తుక్కు గుట్ట కింద ఒక వింత కనబడింది. తుప్పు పట్టిన రెండు బద్దలు ముందుకి చాచి, బోర్లా పడిన జంతువులా ఉంది. గ్యాస్ కట్టర్ పట్టుకున్న కుర్రవాడు అప్పటికే మంట వెలిగించాడు. మా బావ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. చుట్టూ తిరిగాడు, వంగాడు, రబ్బరు పట్టాని గోటితో గీరి వాసన చూశాడు. అది పడవ ఇంజనని కట్టర్ కుర్రవాడు, పొలం దున్నేదని షెడ్డు యజమాని, పిల్లల పార్కులోదని నేను. సాయంత్రానికి చిన్న వ్యానులో అది ఉక్కునగరం క్వార్టరు పెరట్లో దిగింది. మా అక్క వీధి గుమ్మం లోంచి ఒకసారి, వంటింటి కిటికీ లోంచి ఒకసారి చూసి, "ఏటిది? ఎవల శవాన్ని మోసుకొచ్చినావు?" అంది. తెలీదనీ, తెలుసుకోవాలనీ మా బావ చెప్పాడు. నిజంగానే ఆ మనిషికి అంతకంటే వేరే కారణం లేదు.

ఆ రూపం ఎక్కడో చూసినట్టు నాకు వారమంతా ఒకటే గుబులు. శనివారం లైబ్రరీలో ఆ ఎర్ర అట్ట పుస్తకం తీస్తే దొరికింది. మర్నాడు మా బావని వెంటబెట్టుకు వెళ్ళాను. ఆయన జీవితంలో లైబ్రరీ గడప తొక్కడం అదే మొదలు. గుళ్ళోకి వచ్చినట్టు చెప్పులు బయట విడిచాడు. బొమ్మ మీద వేలు పెట్టి, కింద ఉన్నది చదవమన్నాడు. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. ఇది మంచు మీద నడిచే బండి బావా. కాలు పెడితే నడుం దాకా దిగిపోయే మంచు మీద ఇది తేలుతూ పోతుంది. ఇప్పుడు కొత్తవి వచ్చేశాయి గానీ, ఆ దేశాల్లో కొందరు ఇలాంటి పాతవాటిని కొట్టాల్లోంచి ఏరి తెచ్చి, ఏళ్ళ తరబడి బాగు చేసుకుని, చలికాలంలో ఒకచోట చేరి నడుపుకుంటారు.

"దేనికి?" అన్నాడు.

"దేనికీ కాదు. సరదాకి."

"ఊరికేనా?" అన్నాడు, ఎవరో శుభవార్త చెప్పినట్టు. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు నేను చూసినది ఎలా చెప్పాలో తెలియడం లేదు. వేల మైళ్ళ అవతల, మన ఊరి పేరు కూడా వినని మనుషులు, మేం ఎప్పుడూ చూడని మంచు కోసం చేసిన యంత్రం అది. అయినా మా బావ దాని మూత విప్పేసరికి లోపలంతా తెలిసిన చుట్టాలే. ఇంజను మన పాత టూ స్ట్రోకు స్కూటర్లకి అన్న వరస. దాని బలం వెనక్కి పంపే బెల్టు, గేర్లు లేని ఆడపిల్లల స్కూటర్లలో ఉండేలాంటిదే. ఆటోనగర్ లేతు దగ్గర వేరే బండి పిస్టన్ తెచ్చి అరగదీయించాడు. లాగి స్టార్టు చేసే తాడు పడవ ఇంజన్ల కొట్లో దొరికింది. రబ్బరు పట్టా మాత్రం అడ్డంగా తెగి ఉంది. అలాంటిది ఈ దేశంలో దొరకదు. పాత కన్వేయరు బెల్టు ముక్క ఒకటి తుక్కులో సంపాదించి, పొరలు పొరలుగా ఒలిచి, మెట్లు మెట్లుగా కోసి, రెండు ఇనప పలకల మధ్య పెట్టి వేడి చేసి అతికించాడు. వేడి కోసం మా అక్క ఇస్త్రీపెట్టె ప్రాణత్యాగం చేసింది. అతుకు చల్లారాక నా చేతిని పట్టుకుని దాన్ని తడిమించాడు. ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియలేదు. సముద్రపు గాలికి తుప్పు మాత్రం పోటీ పడుతూనే ఉండేది. గీకిన చోట వారంలో మళ్ళీ ఎర్రగా పూసేది. ఆయన మళ్ళీ గీకేవాడు.

ఇంజను పెరట్లో మొదటిసారి మోగిన రోజు పక్క క్వార్టర్ల వాళ్ళు నైట్ షిఫ్టు నిద్రల్లోంచి లేచి తిట్టడానికి వచ్చి, తిట్టడం మర్చిపోయి నిలబడ్డారు. ఆ ఊపులో దాన్ని యారాడ తీసుకెళ్ళి ఇసక మీద పెట్టాం. ఇసకా మంచూ రెండూ జారేవే కదా అని మా బావ వాదన. కొంత దూరం పోయింది. తర్వాత కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చి ఆగిపోయింది. వలలు బాగు చేసుకుంటున్న ఒకాయన తల ఎత్తి, "బాబూ, ఇది నడిసేది కాదు, ఈతకొట్టేదేమో. నీల్లలో ఎయ్యండి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు, మేమూ నవ్వాం. లోపల సంగతి ఏమిటంటే, రబ్బరు పట్టా రెండు ప్లాస్టిక్ పట్టీల మీద జారుతూ తిరుగుతుంది. వాటిని చల్లబరిచేది మంచే, జారేలా చేసేదీ మంచే. ఈ బండికి మంచు తప్ప వేరే దారి లేదని అప్పుడు తెలిసింది. మా బావ పట్టీలు కొత్తవి కోసి బిగించాడు. మంచు దగ్గరికే తీసుకెళ్దాం అన్నాడు.

ఫోనులో వెతికి వెతికి ఒక పెద్దాయన్ని పట్టాను. హిమాలయాల్లో ఉంటాడు, ఇలాంటి పాత మంచు బండ్లు బాగు చేసి నడుపుకోవడం ఆయనకి సరదా. ఆయనకీ మా బావకీ వచ్చిన హిందీ కలిపినా ఒక మనిషికి సరిపోదు. అయినా వీడియో కాల్లో ఇంజను మూత తెరిచి ఒకరికొకరు చూపించుకుంటూ గంటలు గడిపేవారు. చలికాలం రమ్మన్నాడు. కానీ మా బావకి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. డాక్టరు ఊపిరితిత్తులు విని, అంత ఎత్తులో, అంత చలిలో అడుగు పెట్టే ఆలోచన పూర్తిగా మానుకోమన్నాడు. ఆ ఏడు మేలోనే మా బావ రిటైర్మెంటు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి, కొనుక్కున్న ఫ్లాటు మూడో అంతస్తు. బండిని తనకిస్తే బిడ్డలా చూసుకుంటానని పెద్దాయన అన్నాడు. ఉత్తరాదికి వెళ్ళే లారీ ఒకటి మాట్లాడి పంపాడు. అది ఎల్లుండి వస్తుందనగా మా బావ నన్ను పిలిచి, లారీ వద్దని చెప్పెయ్యమన్నాడు.

"నా సర్వీసులో లోడు మీద నడిపి చూడకుండా ఒక్క బెల్టు అప్పగించలేదు బావా. ఖాళీగా అయితే ఏ అతుకైనా ఆగుద్ది. ఆ పెద్దాయన కొండ మీద ఉండగా తెగిందనుకో, చుట్టూ మంచు, మనిషుండడు. తెలీకుండా ఎలా ఇచ్చేత్తాం? పాతినుపోడికే ఇచ్చేద్దారి. కోసేసుకుంటాడు."

నేను నచ్చజెప్పబోయాను. ఆయన వినలేదు. రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మా అక్క కంచం తీసేసింది. 

జాలరిపేట నుంచి మా అక్కకి చేపలు తెచ్చే ఆవిడ ఉంది. ఇరవై ఏళ్ళుగా బేరం దగ్గర తిట్టుకుంటూ, పెళ్ళిళ్ళకి మాత్రం ఒకరింటికొకరు వెళ్తూ ఉంటారు. వేసవిలో వేట నిషేధం కనక అప్పుడు ఎండుచేపలు తెస్తుంది. మర్నాడు పొద్దున్న ఇద్దరూ పెరటి గుమ్మం దగ్గర గుసగుసలాడుకున్నారు. ఆమె మరిది చేపల రేవు దగ్గర ఐస్ ఫ్యాక్టరీ నడుపుతాడు. పడవలు కట్టేసి ఉన్నా ఫ్యాక్టరీని అప్పుడప్పుడూ నడపకపోతే పాడవుతుంది. ఆ ఐసుని అడిగేవాళ్ళుండరు. మా అక్క లోపలికొచ్చి, రేపు తెల్లారేసరికి బండిని రేవుకి తెమ్మంది. విషయం వినగానే నా చదువు ఊరుకోలేదు. మంచు వేరు, ఐసు వేరు అన్నాను. మంచులో రేకులుంటాయి, మధ్య గాలి ఉంటుంది, అందుకే మెత్తగా ఉంటుందని చెప్పాను.

"నోట్లో ఏసుకుంటే రెండూ సల్లగుంటాయి కదా?" అంది మా అక్క. "మరి కూకో."

తెల్లారేసరికి వెళ్ళాం. ఫ్యాక్టరీ లోపల అమోనియా ఘాటు ముక్కులో గుచ్చుతోంది. పొడవాటి ఐసు దిమ్మల్ని కొక్కేలతో లాక్కొచ్చి క్రషర్లో వేస్తున్నారు. లోపల ఎముకలు నమిలినట్టు చప్పుడు, గొట్టం చివర తెల్లటి ధార. మామూలుగా అది పడవ కడుపులోకి పోతుంది. ఆ రోజు రేవు గట్టు మీద, రేకుల కప్పు నీడలో, రైలు పెట్టె పొడవున పరిచారు. చేపలమ్మే ఆడవాళ్ళు చీరలు ఎగదోపి, పాదాలతో తొక్కి చదును చేశారు. చలికి గెంతుతూ ఒకరినొకరు తోసుకుంటున్నారు. నేను వంగి పిడికిట్లోకి తీసుకున్నాను. మే నెల. ఒళ్ళంతా చెమట. చేతిలో మంచు. నా పుస్తకాలన్నీ కలిపినా ఆ పిడికెడు ఐసంత చల్లగా ఎప్పుడూ లేవు.

బండి దింపి ఐసు మీద నిలబెట్టారు. మా బావ తాడు లాగాడు. ఇంజను దగ్గి ఊరుకుంది. మళ్ళీ లాగాడు. ఎండ రేకుల కిందికి పాకుతోంది, అంచుల్లో నీళ్ళు కారడం మొదలైంది. లాగిన కొద్దీ ఆయన రొమ్ములో ఈల వినిపిస్తోంది. నేను లాగుతానంటే తల అడ్డంగా ఊపాడు. ప్లగ్గు విప్పి, చొక్కా అంచుతో తుడిచి, అగ్గిపుల్ల వెలిగించి కాల్చి, మళ్ళీ బిగించాడు.  ఈసారి లాగితే నీలం పొగ ఒక్కసారి పైకి లేచి, ఇంజను అందుకుంది.

ఆయన ఎక్కలేదు. మా అక్క వైపు తిరిగి, "రా. ఖాళీగా నడిపితే లెక్కలోకి రాదు. ఇది ఇద్దరి బండి" అన్నాడు.

"లోడుకి నానే దొరికినానేటి?" అంది మా అక్క. అంటూనే కొంగు దోపుకుని, స్కూటరు మీద కూర్చున్నట్టు ఒక పక్కకి కూర్చుంది.

బండి కదిలింది. రబ్బరు పట్టా ఐసుని కొరికి వెనక్కి విసిరింది. ఆ విసురుకి తెల్లటి తుంపర మనిషెత్తు లేచి, మే నెల ఎండలో మెరుస్తూ, అక్కడున్న అందరి తలల మీదా, చేపల బుట్టల మీదా పడింది. ఒక ముసలావిడ ఆకాశం వైపు చూసి దణ్ణం పెట్టింది. బండి ఆ చివర దాకా పోయి ఆగింది. దానికి వెనక్కి నడిచే గేరు లేదు. రేవు వాళ్ళు నలుగురు తోకని ఎత్తి తిప్పి పెట్టారు, మా అక్కతో సహా. మళ్ళీ ఇటు వచ్చింది, మళ్ళీ అటు వెళ్ళింది. కింద గచ్చు తగిలి బద్దలు కీచుమనే దాకా నడుస్తూనే ఉంది. నేను చూస్తున్నది బండిని కాదనిపించింది. ఎవరో ఎక్కడో మంచు కోసం కన్న ఊహని, మంచు ఎరగని ఒక మనిషి ముక్క ముక్కగా మళ్ళీ ఊహించాడు. అది నిజమైంది.

ఇంజను ఆపి మా బావ దిగాడు. ముందుగా ప్లాస్టిక్ పట్టీల మీద అరచెయ్యి పెట్టాడు. చల్లగా ఉన్నాయి. తర్వాత పట్టాని నెమ్మదిగా తిప్పుతూ అతుకు వెతికాడు. వెతకాల్సి వచ్చింది, అంత కలిసిపోయింది. దాని మీద కరుగుతున్న ఐసుని వేలితో తుడిచి, వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"లారీవోడికి రమ్మని చెప్పు బావా" అన్నాడు.

మధ్యాహ్నానికి ఆ తెలుపంతా సన్నటి కాలవై గట్టు మీంచి సముద్రంలోకి దిగిపోయింది. గచ్చు ఆరింది. ఆడవాళ్ళు అదే చోట ఎండుచేపలు పరిచారు. నాలుగేళ్ళు ఒక పొద్దుటిపూటలో ఎలా పడతాయో నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆ ఆరిపోయిన గచ్చు మీద నిలబడి మాత్రం చూశాను.