రైమో పాత ఫైలు

రైమో కెరానెన్ లేనిదే మా ఔలు ఊరి ఆఫీసులో ఏ ఎలక్ట్రానిక్ బోర్డూ కళ్లు తెరవదని ఒక నమ్మకం. ఇరవై రెండేళ్లుగా దాన్ని పెంచి పోషించింది రైమోయే. కరెంటు ఇవ్వగానే బోర్డులో ముందుగా లేచి, మిగతా సాఫ్ట్‌వేర్‌ను లేపే చిన్న ప్రోగ్రాం బూట్‌లోడర్. కొత్త బోర్డు వచ్చినప్పుడల్లా దానికి తగ్గట్టు అందులోని అంకెలు మార్చడం అతని ఉద్యోగం. అతను చేసేదల్లా పాత బోర్డు ఫైలు కాపీ చేసి, పైన బోర్డు పేరు మార్చి, కింద తన పేరు పెట్టడం. దీనికి మూడు వారాలు తీసుకుంటాడు. తలుపేసుకుని చేస్తాడు కాబట్టి మహా కష్టమైన పనేమోనని మేమంతా గౌరవించాం.

ఈ జనవరిలో అడవిలో చెట్లు నరికే యంత్రాల కోసం కొత్త బోర్డు వచ్చింది. దాని పరీక్షలు సిర్కు అనే అమ్మాయికి అప్పగించారు. చేరి ఆర్నెల్లు కావస్తోంది. ఉద్యోగం ఖాయం చేస్తారో, ఇంటికి పంపుతారో ఆ వారంలో తేలాలి. ఆ పిల్లకు చదివే జబ్బుంది. మెమరీ చిప్ కాగితాలు మొదటినుంచి చివరిదాకా చదివేసింది.

"రైమో, నీ ఫైల్లో మెమరీ అంకెలు పాత చిప్‌వి. ఈ బోర్డులో చిప్ మారింది కదా," అంది.

"లేస్తోందా, లేదా?"

"ఇక్కడి వెచ్చదనంలోనైతే లేస్తోంది."

"మరింకేం? లేచేదాన్ని కెలకమని ఎవరు నేర్పారమ్మా నీకు?"

 కాఫీ వేళ మేమంతా బన్నులు తింటుంటే, సిర్కు బోర్డును బాల్కనీలో పెట్టి వచ్చింది. బయట మైనస్ ఇరవై ఆరు. అరగంటయ్యాక స్విచ్ వేస్తే తెరమీద సగం లైను వచ్చి ఆగిపోయింది.

రైమో వచ్చి చూశాడు. "లోపలికి తెస్తే లేస్తుంది," అన్నాడు.

"అయితే అడవిని కూడా లోపలికి తెప్పిద్దామా?" అన్నాను. అందరూ నవ్వారు. జోకులకైతే నాకు నోరు బాగానే ఆడుతుంది.

సిర్కు సరైన అంకెలు కాగితం మీద రాసిచ్చింది. రైమో వాటిని ఎక్కించాడు. సాయంత్రానికి బోర్డు బాల్కనీలోనే లేచి కూర్చుంది.

శుక్రవారం మీటింగులో, ఈ తప్పు పట్టుకున్నది ఎవరని మేనేజరు పైవి అడిగింది.

"చలిలో పెట్టి చూద్దామనిపించింది," అన్నాడు రైమో, ఎవరికి అనిపించిందో చెప్పకుండా.

సిర్కు తల దించుకుంది. మా దగ్గర తన గొప్ప తాను చెప్పుకోవడం సిగ్గుమాలిన పని. పక్కవాళ్లు చెప్పాలి. ఆమె పక్కన కూర్చున్నది నేనే. రైమోకు కోపమొస్తే నేను తయారుచేసే తర్వాతి బోర్డు మూడు నెలలు మూలన పడుతుంది. నేను కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చున్నాను.

సోమవారం సిర్కును పంపించేశారు. పని వదిలేసి బాల్కనీలో తిరుగుతోందట. వెళ్తూ నా బల్ల దగ్గర ఆగింది. ఆమె తిట్టినా బాగుండేది.

"బోర్డులు చలిలో బాగా లేస్తున్నాయా?" అని అడిగింది.

లేస్తున్నాయన్నాను.