పెట్రోలు విషయంలో నా అలీన విధానం

దేశం మొత్తానికి సరైన దారి చూపించిన మనిషి, తన షెడ్డు ముందే నిలబడి తన నెత్తిన తానే బండ వేసుకోవడం మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం నష్టం లేదు. నా వాదం తప్పని మాత్రం అనకండి. అది అప్పుడూ ఒప్పే, ఇప్పుడూ ఒప్పే.

తొంభై ఒకటో సంవత్సరం మొదట్లో మాట. ఇరాక్ మీద అమెరికా యుద్ధం చేస్తోంది. అమెరికా సైనిక విమానాలు దారిలో మన దేశంలో దిగి ఇంధనం పోయించుకుంటున్నాయని పేపర్లో పడింది. నేను బడిలో చదివింది ఐదో తరగతే. మిగతా చదువంతా పేపర్లలోనే. బజ్జీలు చుట్టి ఇచ్చిన కాగితాన్ని కూడా, నూనె మరక వెనక ఏం రాసుందో చూడకుండా పారేసేవాణ్ణి కాదు. అలాంటి నాకు ఆ వార్త చదవగానే ఒళ్ళు మండిపోయింది.

అప్పట్లో బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో నాకొక చిన్న షెడ్డు, అందులో ఒకే ఒక లేత్ మిషను. హిందూపురం వైపు నుంచి వచ్చి, ఎవరి సిఫారసూ లేకుండా నిలబెట్టుకున్న షెడ్డు. పక్క షెడ్డు గోపాలప్పది. వాళ్ళు తాతల కాలం నుంచీ బెంగళూరువాళ్ళే, ఇంట్లో తెలుగు. నాకంటే చిన్నవాడు, నన్ను ‘అన్నా’ అనేవాడు. ఆ గౌరవం పిలుపు దగ్గరే ఆగేది. నేనేదంటే దానికి అడ్డం.

శివణ్ణ టీ కొట్టే మా పార్లమెంటు.

“కొత్తగా దోస్తీ కుదురుతా ఉండే దేశం అడిగింది, పోసినారు. దాంట్లో ఏముండాదన్నా? తుపాకి ఇచ్చినామా, సిపాయిల్ని పంపించినామా? ఉట్టి పెట్రోలే గదా!” అన్నాడు గోపాలప్ప.

“ఉట్టి పెట్రోలా? ఇరాక్ మనకు పాత స్నేహితుడప్పా! వాని ఇంటి మీదికి కొట్లాటకు పోయేవాని బండికి నూనె పోస్తే, మనమూ కొట్లాటకు పోయినట్టే.”

“రేపు మనకు అమెరికాతో పని పడదా? స్వల్ప సర్దుకోవాల గదన్నా.”

“సాయానికి ఒక హద్దుండాల. తిండి పెట్టు, మందు ఇయ్యి. యుద్ధానికి పోయే విమానానికి మాత్రం చుక్క పొయ్యద్దు.”

“ఆ హద్దు యాడ గీస్తావు? నీ మందు తాగి లేచినోడు కూడా యుద్ధానికే పోతాడు గదా?”

శివణ్ణ గ్లాసులు కడగడం ఆపి నా వైపు చూశాడు. కొట్టంతా నా వైపు చూసింది. జవాబు తట్టనప్పుడు గొంతు పెంచడం నాకున్న విద్య. పెంచాను.

“హద్దు నా ట్యాంకు మూత దగ్గర గీస్తా! ఈ పొద్దు నుంచి గలాటాకు పోయే ఏ బండికీ నా స్కూటర్లోంచి చుక్క రాదు. ఎవరిది న్యాయమో వినేది కూడా లేదు. విన్నామంటే ఒక పక్కకు వాలినట్టే. ఇది నా అలీన విధానం!”

ఇక్కడ మీకు మా వీధి మర్యాద ఒకటి చెప్పాలి. ఎవరి స్కూటరు పెట్రోలు లేక ఎండిపోయినా, ముందు దాన్ని పక్కకు వంచి, ఏడ్చే బిడ్డను ఊపినట్టు ఊపి కిక్కు కొడతాం. అయినా లేవకపోతే రబ్బరు ట్యూబు పట్టుకుని పక్క షెడ్డుకు పోతాం. ఆ షెడ్డాయన తన ట్యాంకులో ట్యూబు దించి, నోటితో పీల్చి, సీసాలోకి వదలాలి. ఎక్కడికని గానీ, ఎందుకని గానీ అడగకూడదు. ఆ మర్యాదను దేశం కోసం తెంచిన మొట్టమొదటి మనిషిని నేను.

అదే వారంలో నా లేత్ మోటారు కాలిపోయింది. కొత్త మోటారు కోయంబత్తూరు నుంచి లారీ పార్సిల్లో రావాలి. అది రాకపోతే చేతిలో ఉన్న ఒక్క ఆర్డరూ పోతుంది. ఆర్డరు పోతే షెడ్డు పోతుంది. వీధిలో ఏ లారీ హారను మోగినా పెళ్ళివారొచ్చినట్టు లేచి నిలబడేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం గోపాలప్ప ట్యూబుతో పరుగెత్తుకొచ్చాడు.

“అన్నా, బేగ అర లీటరు పొయ్యి. యశ్వంతపురం పోవాల.”

“ఎందుకు?”

“ఒకనితో గలాటా ఉండాది.”

నా గుండె పొంగింది. నా విధానానికి పరీక్ష ఇంత తొందరగా వస్తుందనుకోలేదు.

“గలాటాకా? చుక్క లేదు.”

“ఎవనితోనో, ఎందుకో విను, నీ…”

“విననప్పా! ప్రతి యుద్ధానికీ ఒక కారణం ఉంటుంది. ఇదో, చెవులు మూసుకుంటాండా!”

నిజంగానే మూసుకున్నాను, గ్రీజు వేళ్ళతో. అతని పెదాలు ఇంకాసేపు ఆడి ఆగిపోయాయి. నన్నొకసారి ఎగాదిగా చూసి, నవ్వి, బస్సు స్టాపు వైపు పరుగు తీశాడు. నేను టీ కొట్టుకు పోయి, అడగనివాళ్ళకు కూడా నా నిబ్బరం గురించి చెప్పాను.

పొద్దు వాలే వేళకు షెడ్డు ముందు ఆటో ఆగింది. లోపల గోపాలప్ప. అంగీ జేబు ఊడి వేలాడుతోంది, గొంతు బొంగురుపోయింది. ఒళ్ళో సగం ఊడిన గోనెపట్టాలోంచి కొత్త మోటారు, పుట్టువెంట్రుకలు తీయించిన పసిబిడ్డలా బోడిగా మెరుస్తోంది.

“ఎవరిదప్పా అది?”

“ఇప్పుడు వినిపిస్తాండాదా అన్నా?”

సంగతేమిటంటే, నాకు ఫోను లేదు. ఆ రోజుల్లో చాలామందిలాగే నా కార్డు మీద పి.పి. అని పక్క షెడ్డు నంబరు, అంటే గోపాలప్ప నంబరు వేయించుకున్నాను. యశ్వంతపురం పార్సిల్ ఆఫీసువాళ్ళు అతనికి ఫోను చేసి, ఎవరూ వచ్చి తీసుకోలేదు కాబట్టి సాయంత్రం లారీలో మోటారును కోయంబత్తూరుకు తిప్పి పంపుతున్నామన్నారట.

“బస్సు దిగి చూస్తే లారీ కదలతా ఉండాది. అడ్డం నిలబడినా. వాళ్ళు నా అంగీ పట్టుకుంటే నేను వాళ్ళ అంగీ పట్టుకుంటి. నీ యుద్ధమన్నా అది! నీ సైన్యానికి నువ్వే చుక్క పొయ్యకపోతివి.”

“ముందే చెప్పొచ్చు గదప్పా!”

“చెప్తాంటే చెవులు మూసుకున్నది ఎవరు?”

మోటారును దించి తన గడప లోపల పెట్టుకున్నాడు. చేతులు దులుపుకుని, “ఇప్పుడు నేనూ అలీనమే. ఈడ నుంచి నీ షెడ్డుకు మోసుకునేది నీ ఆంతరంగిక వ్యవహారం,” అన్నాడు. శివణ్ణ కొట్టంతా బయటికొచ్చి చూస్తుండగా, దాన్ని నేనొక్కణ్ణే ఈడ్చుకున్నాను.

మిషను తిరిగింది. ఆర్డరు నిలిచింది. కొన్నాళ్ళకు పేపర్లో ఇంకో వార్త: మన దేశం ఆ విమానాలకు ఇంధనం పోయడం ఆపేసింది! పేపరును జెండాలా పట్టుకుని గోపాలప్ప దగ్గరికి పరుగెత్తాను.

“చూసినావా? ఐదో తరగతివాడు చెప్పింది ఢిల్లీకి ఇప్పటికి అర్థమైంది!”

“ఒప్పుకుంటినన్నా, నువ్వే గెలిస్తివి. నా బండి ఎండిపోయింది. గెలిచిన ఖుషీలో అర లీటరు పొయ్యి.”

ఎక్కడికని అడగలేదు. మహారాజులా ట్యాంకు మూత తీసి, ట్యూబు దించి, నోట పెట్టుకుని బలంగా పీల్చాను. పెట్రోలు సగం దాకా ఎక్కే సమయం చూసి గోపాలప్ప మెల్లగా అన్నాడు: “అయినా నన్నడిగితే, ఇంకో నెల పోసింటే పోయేదేముండాది?”

“ఏమంటివీ…” అనబోయి ఇంకో గుక్క పీల్చాను.

విజయం సాధించిన రోజున నోటినిండా పెట్రోలు. ఉమ్మినా పోలేదు, పుక్కిలించినా పోలేదు. శివణ్ణ నన్ను స్టౌ దరిదాపులకు రానివ్వలేదు. గెలిచినవాణ్ణి, టీ రోడ్డు మీద నిలబడి తాగాను.

ఆ రోడ్డు మీదే, గ్లాసు చేత పట్టుకుని ప్రతిజ్ఞ చేశాను. గోపాలప్ప ఏ యుద్ధానికి పోతున్నా కారణం అడక్కుండా పోస్తాను. ట్యూబు నోట్లో ఉన్నంతసేపు ఏ దేశం మంచిచెడ్డలూ మాట్లాడను. ఈ రోజుదాకా తప్పలేదు.

ట్యూబు తీశాక మాత్రం ఎవరైనా రండి. హద్దు ఎక్కడ గీయాలో నేను చెబుతాను.